సంతకం లేని కథలు

పాత 'చందమామ' సంచికలను సేకరించేవారు చిత్రకారులను చూడగానే గుర్తింతురు. ఇది చిత్ర గీత, ఇది శంకర్ బొమ్మ, ఈ ముఖచిత్రం వడ్డాది పాపయ్యది అని చెప్పుకొనుటలో వారి గోష్ఠి సుఖముగా సాగును. 1947 జులైలో మద్రాసునుండి తెలుగు, తమిళములలో వెలువడిన ఆ పత్రిక తరువాత గుజరాతీలోను వచ్చినది. తెలంగాణమునుండి సూరతు చేరిన నేతకుటుంబముల పిల్లలకు ఇంటి భాషలోను, వీథి భాషలోను అందదగిన పత్రిక అది.

అయితే బొమ్మకు సంతకమున్నది, ధారావాహికకు లేదు. 'తోకచుక్క', 'రాకాసిలోయ' రచించినది దాసరి సుబ్రహ్మణ్యమని పెక్కుమంది పాఠకులు చాలకాలము ఎరుగరు. 1952 నుండి 1980 వరకు ఆ కథల భాషను తీర్చిన కొడవటిగంటి కుటుంబరావు పేరు సంపాదకస్థానమున కానరాదు. ఈ అనామకత వలన ఒక లాభము లేకపోలేదు: అనేకుల కథలు ఒకే నోట విన్నట్లుండెను. కాని ఆ లాభమునకు మూల్యము చెల్లించినది రచయిత.

సలాబత్‌పురా వంటి మగ్గాల పేటలో ఈ సంగతి వివరింపనక్కరలేదు. బట్ట దేశములు దాటును; నేసినవాని పేరు మగ్గము వద్దనే నిలిచిపోవును. 2013 నాటికి పత్రిక ఆగిపోయినది. ఇక సేకర్తల చేతనున్న పని సంచికల వెలకట్టుట కాదు, ఏ కథ ఎవరిదో తేల్చుట.