24 గంటల నొప్పి: ఒక ముందుమాట

అపెండిసైటిస్‌ను మనవాళ్ళు ఇప్పటికీ ‘24 గంటల నొప్పి’ అంటారు. రోజు తిరిగేలోగా కొయ్యకపోతే మనిషి దక్కడన్న భయం ఆ పేరులోనే ఉంది. నేను సర్జరీ నేర్చుకున్నదీ ఆ భయంలోనే. ఒక రాత్రి కుడి పొత్తికడుపు నొప్పితో వచ్చిన కాలేజీ పిల్లకు అపెండిక్స్ అనుకుని కోత పెట్టాను. అపెండిక్స్ శుభ్రంగా ఉంది. మెలిపడి నల్లబడిన అండాశయం ఆ గాటుకు అందలేదు. గాటు ఇంకో నాలుగు వేళ్ళు సాగదీయాల్సొచ్చింది. ముందే చిన్న బెజ్జంలోంచి లాప్రోస్కోపు పంపి, లోపలంతా తెర మీద చూసే వీలుంటే ఆ పిల్లకు అంత మచ్చ మిగిలేది కాదు.

అలాంటి రాత్రుల కోసమే నా శిష్యుడు ఎమర్జెన్సీలో లాప్రోస్కోపీ గురించి ఈ పుస్తకం రాశాడు. ఈ పద్ధతిని మేమంతా మొదట్లోనే ఒప్పుకోలేదు. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ జెమ్ లాప్రోస్కోపుతో అపెండిక్స్ తీస్తే అక్కడి సర్జన్లు మండిపడ్డారు. ఆయన గైనకాలజిస్టు కావడం కోపానికి సగం కారణమని నా అనుమానం. 1990లో ముంబయిలో డాక్టర్ ఉద్వాడియా ఈ పద్ధతిలో పిత్తాశయం తీశారని తెలిసినప్పుడు, “ఎమర్జెన్సీలో టీవీ చూస్తూ కూర్చుంటామా?” అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

పుస్తకంలో చిల్లుపడ్డ అల్సర్ మీది అధ్యాయం రెండుసార్లు చదివాను. బొడ్డు దగ్గర 10 మిల్లీమీటర్ల గాటు, పొట్ట ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్, కాలేయం పైకెత్తగానే దాని నీడలో చిల్లు. పేగుల మీది కొవ్వు పొరను దానిపై పరిచి కుట్టేస్తే పని అయిందనుకుంటారు కుర్ర సర్జన్లు. కాలేయం పైనా, పేగుల సందుల్లోనూ, కటిగుంటలోనూ చేరిన మురికిని లీటర్లకొద్దీ సెలైన్‌తో కడగడానికి ఇతను మూడు పేజీలు కేటాయించాడు. ఆ ఓపిక నాకు నచ్చింది.

లాప్రోస్కోపు ఎప్పుడు పక్కన పెట్టాలో చెప్పిన తీరు ఇంకా నచ్చింది. బీపీ పడిపోతున్న మనిషి పొట్టలోకి గ్యాస్ ఎక్కిస్తే గుండెకు తిరిగొచ్చే రక్తం మరింత తగ్గుతుంది. పేగులు బాగా ఉబ్బితే పరికరం కదపడానికి చోటుండదు, తగిలితే చిల్లే. తాను మధ్యలో ఆపి పొట్ట తెరిచిన కేసులన్నీ ఫొటోలతో సహా ఇచ్చాడు. మా తరంలో ఎవరం అంత ధైర్యం చేయలేదు.

ఒక్క లోటు. పేగు అడ్డుపడ్డ కేసులకు నాలుగు పేజీలేనా? మలిముద్రణలో పెంచమందామని ఫోన్ చేస్తే, “సార్ థియేటర్‌లో ఉన్నారు, అపెండిక్సట” అంది నర్సు.