ఆకాశరామన్న చేతిలో సెల్‌ఫోన్

ఫేస్‌బుక్ సాహిత్య గ్రూపుల్లో పేరు లేకుండా వస్తున్న రాతల మీద వ్యాసం రాస్తున్నానంటే ఒక మిత్రుడు నవ్వాడు. ‘ఆకాశరామన్న ఉత్తరాలకు కూడా సాహిత్య విమర్శేనా?’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. రచయిత ఎవరు, ఏ వర్గం నుంచి వచ్చాడు, ఎవరి పక్షాన నిలబడ్డాడు అని అడగడం మనకు అలవాటు. రచయితే కనిపించని రాతను ఏమని అడగాలి? అయినా ఈ రాతలు రోజూ వస్తున్నాయి. మన కథా సంకలనాల మొహం చూడనివాళ్లు కూడా వీటిని చదువుతున్నారు, చదివి ఊరుకోకుండా జవాబు రాస్తున్నారు. జనం చదివేదాన్ని నేను చదవనని విమర్శకుడు భీష్మించుకు కూర్చోవడం ప్రమాణాల పరిరక్షణ కాదు, బద్ధకం.

అసలు ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో ముందు చెప్పుకోవాలి. గ్రూపు అడ్మిన్ వీలు కల్పిస్తే, ఫోనులో పోస్టు రాసేచోట పేరు దాచే మీట ఒకటి కనిపిస్తుంది. దాన్ని నొక్కితే రాసిన మనిషి పేరూ ఫోటో పోయి, ‘అనానిమస్’ అన్న మాటా ముఖం లేని బొమ్మా మిగులుతాయి. తోటి సభ్యులకు ఆ మనిషి ఎవరో తెలియదు. అడ్మిన్లకు, మాడరేటర్లకు తెలుస్తుంది. కంపెనీకి సరేసరి. చాలామంది ఖాతాకు ఫోను నెంబరు, ఆ నెంబరుకు గుర్తింపు కార్డు ముడిపడి ఉంటాయి కనుక, చట్టం పేరుతో అడిగే ప్రభుత్వానికీ దారి ఉంది. అంటే ఈ ముసుగు పక్కింటివాడి వైపు మాత్రమే ఉంది. పైవాళ్ల వైపు మనిషి నిలువెల్లా బయటే ఉన్నాడు.

మన సాహిత్యంలో మారుపేరు దీనికి తలకిందులుగా పనిచేసింది. ధనపత్ రాయ్ అనే బడుల తనిఖీ ఉద్యోగి ‘నవాబ్ రాయ్’ పేరుతో 1908లో ‘సోజె వతన్’ కథలు అచ్చువేస్తే, హమీర్‌పూర్ కలెక్టరు పిలిపించి, మిగిలిన ప్రతులు తగలబెట్టించాడు. ఇకమీదట రాసిందల్లా చూపించి అచ్చువేయమన్నాడు. ‘జమానా’ సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచించిన కొత్త పేరు అప్పుడు పుట్టింది. ఆ పేరు ప్రేమ్‌చంద్. కలెక్టరుకు కనిపించకుండా, పాఠకుడికి మాత్రం నిండుగా కనిపించిన పేరు అది. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించిందీ ఆ పేరే.

మన దిగంబర కవుల సంగతి ఇంకో రకం. కులాన్ని మోసే పేర్లు విడిచిపెట్టి తమ పేర్లు తామే పెట్టుకున్నారు. 1965లో మొదటి సంపుటాన్ని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత అర్ధరాత్రి ఆవిష్కరింపజేశారు. వాళ్లలో చెరబండరాజు, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్‌లను 1971లో నివారక నిర్బంధ చట్టం కింద జైల్లో పెట్టినప్పుడు, ఆ పేర్ల చాటున దాక్కునే వీలు వాళ్లకు లేదు. వాళ్లు కోరనూ లేదు. కలంపేరుకు ఒక చరిత్ర ఉంటుంది, నిన్న అన్న మాటకు రేపు జవాబు చెప్పుకోవలసిన పూచీ ఉంటుంది. అనానిమస్ మెంబరుకు నిన్న లేదు.

మరో వైచిత్రి చూడండి. నిత్యజీవితంలో వాడే పేరుతోనే ఖాతా ఉండాలని పట్టుబట్టిన కంపెనీ ఇదే. 2014లో అమెరికాలో ఆడవేషం కట్టే కళాకారుల ఖాతాలను, అవి అసలు పేర్లు కావన్న నెపంతో నిలిపివేసి, గొడవ ముదిరాక అక్టోబరులో క్షమాపణ చెప్పుకుంది. మనిషి తనకు తాను పెట్టుకున్న పేరు దానికి పనికిరాలేదు, తాను మంజూరు చేసే పేరులేమి మాత్రం పనికొచ్చింది. మొదటిది దాని లెక్కకు అందదు. రెండోది దాని లెక్కలోనే ఉంటుంది.

ఇక రాతల సంగతి. కొన్ని నెలలు వీటిని వరసగా చదివాక ఒక ఫక్కీ ఏర్పడిందని అర్థమైంది. ‘అడ్మిన్ గారూ అప్రూవ్ చేయండి ప్లీజ్’ అనేది ప్రార్థనా శ్లోకం లాంటిది. తర్వాత ‘ఇది మా ఫ్రెండ్‌కి జరిగింది’ అంటూ ముసుగు మీద ఇంకో ముసుగు. నాలుగు వాక్యాలు నడిచేసరికి ఆ ఫ్రెండ్ కాస్తా ‘నేను’ అయిపోతుంది. రాసినామె గమనించదు, అడ్మినూ దిద్దడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఊరి పేరు ఉండదు, ఆఫీసు పేరు ఉండదు, కానీ అత్తగారు, పెద్దాడపడుచు, మేనమామ, ఇంటి ఓనరు అందరూ ఉంటారు. పేర్లు తీసేసినా వరసలు పోలేదు. మన ఇళ్లల్లో ఆడదాన్ని అణిచేది ఫలానా మనిషి కాదు, వరస అనే సంగతిని ఏ సిద్ధాంత వ్యాసమూ చెప్పనంత సూటిగా ఈ పోస్టులు చెబుతాయి. వీటిలో చుక్కలూ కామాలూ ఉండవని మన పండితులు వెక్కిరిస్తారు. ఎవరైనా నిద్రలేస్తారేమోనని దుప్పటి కింద బొటనవేలితో కొట్టే వాక్యానికి విరామం ఎక్కడిది?

అయితే ఈ ఫక్కీకి ఒక శాపం ఉంది. దాక్కోవాలంటే యాస వదులుకోవాలి. ‘గిట్ల’ అన్నా ‘ఇట్టా’ అన్నా మనిషి ఏ వైపుదో తెలిసిపోతుంది. కనుక రాసేవాళ్లు తమ భాషను ఉతికి పిండి, ఏ ఊరికీ చెందని నీళ్ల తెలుగులోకి దిగుతారు. వివరాలూ అంతే. రాతకు ప్రాణం పోసే వివరమే రాసిన మనిషిని పట్టిస్తుంది. 1888లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరాన్ని, వాస్తవికత ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం తవ్వి తీస్తుంటాం. ఆమె ఆ నవలను ‘జాన్ లా’ అనే మగపేరుతో ప్రచురించిందన్న సంగతి మాత్రం చెప్పుకోం. ఆమె తన పేరు మార్చుకుంది గాని, లండన్ తూర్పు పేటలను మార్చలేదు. మారుపేరు ఆమెకు వివరాన్ని మిగిల్చింది. పేరులేమి మన గ్రూపు రచయిత్రి దగ్గర ఆ వివరాన్నే గుంజుకుంటున్నది.

గుంజుకోనివ్వకపోతే ఏమవుతుందో కూడా చూశాను. ఒక కథల గ్రూపులో ఓ రాత్రి ముప్ఫై పంక్తుల పోస్టు వచ్చింది. ప్రైవేటు బడిలో పంతులమ్మ. జీతానికి రెండు రిజిస్టర్లు. ఒకదానిలో పూర్తి జీతం అందినట్టు సంతకం, రెండోదానిలో నిజంగా చేతికొచ్చిన సగానికి సంతకం. సరస్వతీదేవి విగ్రహం వెనక గదిలో, బల్లకు దారంతో కట్టేసిన పెన్నుతో ఆ సంతకాలు. ‘పెన్ను మేం ఎత్తుకుపోతామని దారం కట్టారు’ అని రాసి ఆపేసింది. కింద కామెంట్లలో ఒకరు అక్షరదోషాలు దిద్దారు, ఒకరు లేబర్ ఆఫీసుకు వెళ్లమన్నారు. నేను నా పేరుతోనే, పెద్దరికంగా, ‘వివరం ఉంది, కథ కాలేదు’ అని రాశాను.

తర్వాత మా జిల్లా సాహిత్య సభలో ఒకావిడ వచ్చి, ‘సార్, మీరు కామెంటు పెట్టిన పోస్టు నాదేనండీ’ అంది. నాలుగో రోజునే యాజమాన్యం పిలిచి, రేపటినుంచి రావద్దందట. అడ్మిన్ చెప్పి ఉంటాడా అని అడిగాను. ‘ఆయన ఎందుకు చెబుతాడండీ? దారం కట్టిన పెన్ను సరస్వతి వెనకాల గదిలో ఉండేది మా బడిలోనేగా’ అంది. ఈ వ్యాసంలో రాయడానికి ఆమె ఒప్పుకుంది. పెన్ను సంగతి మారుస్తానంటే మాత్రం వద్దంది, ఉద్యోగం ఎలాగూ పోయింది, పెన్నన్నా ఉండనివ్వండి అంది. ఆ దారం ముక్కలో శ్రమకూ యాజమాన్యానికీ ఉన్న సంబంధమంతా ఉంది. అది కథ కాలేదని తీర్పు చెప్పిన విమర్శకుణ్ణి నేను.

అలాగైతే ముసుగులన్నీ తీయించేయాలని కొందరు మిత్రులు అంటున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. ముసుగు తీయమని ఇంతకుముందే అడుగుతున్నవాళ్లు ఎవరో చూడాలి. మాట నచ్చకపోతే మనిషిని పట్టుకునే 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. 2021 నిబంధనల్లో, యాభై లక్షలకు మించి వాడకందార్లున్న సందేశాల సేవలు ఒక సందేశాన్ని మొదట పంపిన మనిషెవరో చెప్పగలిగి ఉండాలనే షరతు వచ్చింది. 2017 అక్టోబరులో రాయా సర్కార్ తన పేరుతో ఫేస్‌బుక్‌లో పెట్టిన, లైంగిక వేధింపులకు పాల్పడ్డారన్న అధ్యాపకుల జాబితా గుర్తుండే ఉంటుంది. బాధితులు పేరు చెప్పకపోవడం అన్యాయమని చాలామంది పెద్దలు వాదించారు. వాళ్ల ఆక్షేపణలో న్యాయసూత్రం ఉంది. కానీ పేరు చెబితే విద్యార్థికి పోయేదీ ప్రొఫెసరుకు పోయేదీ ఒకటి కాదు. కింద ఉన్నవాడు పైవాడి నుంచి దాక్కోవడాన్ని నేను తప్పుపట్టను. సాటివాణ్ణి కొట్టడానికి దాక్కోవడం వేరు.

ఆ రెండో పని నేనే చేశాను.

మా ప్రాంతపు పెద్దకవి ఒకాయన కొత్త సంపుటి ఆవిష్కరణ జరిగింది. నా మొదటి పుస్తకానికి సభ పెట్టించింది ఆయనే. వేదిక మీద పొగిడాను. ఆ రాత్రి లాడ్జీ గదిలో పడుకుని, ఫోను తీసి, పేరు దాచే మీట నొక్కి, ఒక కవిత్వ గ్రూపులో ఆరు పంక్తులు రాశాను. ఆగ్రహం అలవాటుగా మారిందనీ, ఇవి ఊరేగింపు అయిపోయాక మిగిలిన నినాదాలనీ సారాంశం. అడ్మిన్ ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆయనకు తెలిస్తే తెలిసిందనుకున్నాను. ఒక్క కవితనూ ఉదహరించలేదు. ఉదహరిస్తే నా విశ్లేషణ పద్ధతి పట్టేస్తారన్న భయం. పంతులమ్మ తన వివరాన్ని వదులుకోలేక దొరికిపోయింది. నేను వివరాన్ని వదిలేసి భద్రంగా నిద్రపోయాను. ఇప్పుడు ఆ ఆరు పంక్తులను విమర్శగా చదివితే వాటిలో ఆధారం లేదు, వాదం లేదు. తీర్పు మాత్రం ఉంది.

పెద్దాయన అనుమానం ఒక పరిశోధక విద్యార్థి మీదికి పోయింది. ఆవిష్కరణ సభలో లేచి నిలబడి, ఇవే ప్రశ్నలు పేరు చెప్పి అడిగినవాడు అతనొక్కడే. అతని తొలి పుస్తకానికి ఇస్తానన్న ముందుమాట ఆగిపోయింది. అతను నా దగ్గరే వాపోయాడు. ‘నేను రాస్తే పేరు పెట్టే రాస్తాను కదా సార్, ఆయనకు ఆమాత్రం తెలియదా?’ అన్నాడు. నేను టీ తాగుతూ విన్నాను. పందొమ్మిది రోజులు అలాగే ఉన్నాను.

ఇరవయ్యో రోజు పెద్దాయన ఇంటికి వెళ్లి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత లోపలికెళ్లి సంపుటి తెచ్చి నా ముందు పడేసి, ‘సరేనోయ్, ఏ పద్యం బాగాలేదో చెప్పు’ అన్నాడు. నేను పన్నెండో పేజీ తీశాను. ఆయన ఒప్పుకోలేదు. నలభయ్యో పేజీ దగ్గర కొంచెం మెత్తబడ్డాడు. సాయంత్రం దాకా వాదించుకున్నాం, మధ్యలో ఆవిడ రెండుసార్లు కాఫీ ఇచ్చింది. లేచి వచ్చేటప్పుడు ముందుమాట సంగతి ఎత్తితే, ‘వాడికి నేను ఏ మొహం పెట్టుకుని రాయనోయ్?’ అన్నాడు. విద్యార్థికి నేనూ ఇంకా చెప్పలేదు. ఈ సంచిక అతనికీ వెళుతుంది.