కెరటం మీద వాలే కాటలీనా
గిలకలదిండి రేవులో పోటు చూసి పడవ మళ్లించే సరంగు నేర్పు బందరు వాళ్లకు తెలుసు. అదే పని విమానంతో చేసినవాళ్లున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాసు దగ్గరి రెడ్‌హిల్స్ చెరువు నుంచి కాటలీనా అనే, నీటి మీద వాలే విమానాలు బంగాళాఖాతం మీదికి వెళ్లేవి. నడిసంద్రంలో అలకు ఎదురుగా దిగితే అడుగు పగలొచ్చు. పొంగుకు సమాంతరంగా, వేగం చంపి, ముక్కు ఎత్తి వాల్చాలి. తర్వాతి పని ఇంకా నాజూకు. పక్కనున్న బుడగ కిటికీ తెరిస్తే నీళ్లు దగ్గరే. తాడు విసిరి సముద్రంలో పడ్డ మనిషిని లోపలికి లాగాలి. 1944 ఫిబ్రవరి 15న పసిఫిక్‌లోని కవియెంగ్ రేవులో అమెరికా పైలట్ నాథన్ గోర్డన్ కాటలీనాతోనే శత్రువు తుపాకుల ఎదుటే నాలుగుసార్లు దిగి 15 మందిని ఎక్కించుకున్నాడు. అలలు పెద్దవి, గాలి లేదు. అంత బరువుతో పైకి లేవడం, నన్నడిగితే, దిగడం కన్నా గొప్ప.