అదృశ్యసత్త్వము – భయానకరసము: 'అడవి' చలనచిత్ర విమర్శనము

భరతముని నాట్యశాస్త్రమున చెప్పిన యెనిమిది రసములలో భయానకమునకు తెలుగు ప్రబంధములందు ప్రాధాన్యము లభింపలేదు. వేటవర్ణనములందును, రాక్షసయుద్ధములందును అది వీరాద్భుతములకు పరిచర్య చేయుచు వచ్చినది. దానికి పట్టము కట్టినది చలనచిత్రము. యౌవనవంతులు కొందఱు విహారార్థమై యడవికేగి, దారితప్పి, యెఱుగరాని యొక సత్త్వమునకు ఒకరివెంట నొకరుగా బలియగు నితివృత్తము స్వల్పవ్యయముతో నిర్మింపబడు చిత్రములకు దేశదేశములందును నచ్చినది. తెలుగున ఈ జాతికి చెప్పదగిన యుదాహరణము, రామగోపాలవర్మ దర్శకత్వమున 2009 ఆగస్టులో వెలువడిన 'అడవి'. హిందీయందు దీని పేరు 'అజ్ఞాత్'.

ఈ చిత్రముపై వినవచ్చిన యాక్షేపణములలో ముఖ్యమైనది, చంపు జంతువు తుదివఱకును కంటబడదనుట. ఇది నిజముగా దోషమేనా, లేక దోషము వేఱొకచోట నున్నదా యనునది విచార్యము.

కథ స్వల్పము. చలనచిత్ర నిర్మాణమునకై యొక బృందము శ్రీలంకలోని యరణ్యమునకు పోవును. కెమెరా చెడిపోవుటచే పని నిలిచిపోవును. వేఱొక యంత్రము వచ్చువఱకు ఊరక కూర్చుండనేల యని, దారిచూపువాని వెంటబెట్టుకొని వారు అడవి చూడబోవుదురు. నాటినుండి వారు పనివారు గారు, విహారయాత్రికులు. రాత్రి వినరాని ధ్వని వినబడును. దారి తెలిసిన వాడే ముందు మరణించును. అటుపై మిగిలినవారు దారి వెదకుచు క్రమముగా తఱుగుచుందురు. సహాయదర్శకుని పాత్రను నితిన్, నాయికనటి పాత్రను ప్రియాంకా కొఠారి ధరించిరి.

ఇక శాస్త్రము. భయానకమునకు విభావములను చెప్పుచు భరతుడు వికృతధ్వనిని, సత్త్వదర్శనమును, నక్కల గుడ్లగూబల కూతలను, పాడింటను గాని యడవిని గాని ప్రవేశించుటను, స్వజనుల వధబంధములను పేర్కొనెను. "సత్త్వదర్శనము చెప్పబడినది గదా, చూపకున్న రసభంగము కాదా" యని పూర్వపక్షము. దానికి సమాధానము ఆ పట్టికయందే కలదు. కనుటతోపాటు వినుటయు, కథగా చెప్పబడుటయు అచ్చట విభావములే. దర్శనము పెక్కింటిలో నొకటి. తక్కినవి యుండగా అది లేకున్నను రసము నిలుచును.

దీనికి లక్ష్యము ఎఱ్ఱన పూరించిన యరణ్యపర్వమందే కలదు. దప్పిగొన్న పాండవులలో నకులుడు మొదలుగా నలుగురు ఒకరివెంట నొకరు కొలనికేగి మరలిరారు. కనబడనిది పలుకును, పలికినదెవరో తెలియదు. వెదకవచ్చిన ధర్మరాజునకు తమ్ములు పడియుండుట కనబడును గాని, వారిని కూల్చిన శత్రువు జాడ కానరాదు. యక్షుడు రూపము చూపుట తరువాతిమాట. అంతవఱకు శ్రోత యనుభవించు వెఱపు చూడనిదానివలననే కలిగినది. ఒక్కొక్కరుగా పోవుట, తిరిగిరాకుండుట, వెదకబోయినవాడును కూలుట యను కూర్పు నేటి యడవిచిత్రములు కనిపెట్టినది కాదు.

పాశ్చాత్యులును ఈ మర్మమును పేదఱికమువలన నేర్చిరి. 1942లో వాల్ లూటన్ నిర్మించిన 'క్యాట్ పీపుల్' చిత్రమున క్రూరమృగము చాలవఱకు నీడయే. 1975నాటి 'జాస్' చిత్రమునకై చేయించిన యంత్రపు సొరచేప కడలినీట సరిగా నడవక దర్శకుడు దానిని చాలసేపు మఱుగుపఱచెను. ఆ మఱుగే చిత్రమునకు బలమయ్యెను. 1999నాటి 'ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'లో ముగ్గురు విద్యార్థులు అడవిలో దారితప్పుదురు. మంత్రగత్తె కడవఱకు కానరాదు. తెలుగున విఠలాచార్యులు దీనికి విరుద్ధమైన మార్గము త్రొక్కెను. ఆయన 'జగన్మోహిని'లో (1978) దయ్యము పొయ్యిలో తన కాళ్లనే కట్టెలుగా పెట్టును. అచ్చట సర్వమును ప్రత్యక్షమే, ఫలితము అద్భుతహాస్యములు. పిల్లలు వెఱచి వెంటనే నవ్వుదురు. రెండు మార్గములును స్వల్పవ్యయములే. కావున చూపుటయు దాచుటయు ధనమునుబట్టి గాక, ఉద్దిష్టరసమునుబట్టి విమర్శింపదగినవి.

'అడవి' దాచుటయందు సమర్థము. 'శివ' (1989) నాడు తెలుగుతెఱకు స్టెడీక్యామ్ చలనమును పరిచయము చేసినవాడును, 'రాత్రి' (1992) చిత్రమున కనరాని పిశాచమును ఇల్లంతయు నడిపించినవాడును వర్మయే. ఇచ్చట కెమెరా చెట్లకొమ్మల నడుమనుండి మనుష్యులను చూచుచు కదలును. ఆ చూపు జంతువుది. ప్రేక్షకుడు భయపడువారి పక్షమున నుండి, యంతలో భయపెట్టుదాని కన్నులలో ప్రవేశింపవలసివచ్చును. భయమునకు ఆశ్రయమైనవాడే ఆలంబనపు చూపుతో చూచుట పూర్వలాక్షణికులు చర్చింపని సందర్భము. రంగస్థలమున నిది యసాధ్యము, శ్రవ్యకావ్యమున దుస్సాధ్యము. చలనచిత్రమునకే చెల్లిన యీ శక్తిని గుర్తింపక, జంతువును చూపలేదని నిందించుట యుక్తము గాదు.

అట్లయిన చిత్రమేల నిలువదు? మొదటి కారణము, అదృశ్యమునకు నియమము లేకుండుట. కొలనియొద్ద నొక కట్టడి కలదు: ప్రశ్నకు బదులు చెప్పక నీరు త్రాగరాదు. దానిని మీఱుటయే మృత్యువు. అందుచే ప్రతి మరణమును ఒక యర్థము పలుకును. మనుచరిత్రము దీనికి మఱియొక సాక్ష్యము. ప్రవరుడు తెలుగుకావ్యముల దారితప్పిన యాత్రికులలో ప్రసిద్ధుడు. తీర్థములు చూడవలెనను వేడుకతో పాదలేపము పూసికొని హిమగిరికేగెను. మంచుతడికి లేపము కరగెను. అతనిని వెఱపించుటకు పెద్దన మృగమును తేలేదు, మరలలేమియే చాలినది. దారి పోవుటకు వేడుక కారణము. దారి దొరకుటకు అగ్నినిష్ఠ కారణము. 'అడవి'లో చనువారు చనుటకును, బ్రదుకువారు బ్రదుకుటకును వారి నడవడితో సంబంధము లేదు. మరణములు లెక్కకు వచ్చునుగాని కథకు రావు.

రెండవ కారణము పాత్రలు. స్వజనవధ విభావమగుటకు చచ్చువాడు ప్రేక్షకునకును స్వజనము కావలెను. అహంకారి యగు నాయకనటుడు, పరుషభాషి యగు నిర్మాత మున్నగువారు జాతిచిహ్నములేగాని వ్యక్తులు గారు. నగరమున ఎవరు కుర్చీలో కూర్చుందురో, ఎవరు నిలుచుందురో విధించు చిత్రపరిశ్రమయందలి యంతస్తులు అడవిలో చెల్లవనునది చక్కని భావబీజము. అది మొలకెత్తియు ఎదుగలేదు.

మూడవది గురుతరము. చిత్రము ముగింపునొందదు, రహస్యమును రెండవభాగమున తెలుపుదుమని సూచించి యాగును. ఆ భాగము వెలువడలేదు. దాచుట వేఱు, వాయిదావేయుట వేఱు. తుదివఱకు దాచినచో అజ్ఞాతమే కావ్యార్థమై నిలిచియుండెడిది. ముందు చూపుదుమనుటచే, అంతవఱకు కళయైన మఱుగు అమ్మకపు సరకయ్యెను. నిర్వహణసంధి లేని రూపకమున భయము తీఱదు, పండదు, విడిచిపోవును.

భరతుడు భయానకమునకు కాలుని, కరుణమునకు యముని అధిదేవతలుగా చెప్పెను. కొలనిలోని భయంకరసత్త్వము తుదకు యమధర్మరాజే యగుటయు, ఒక్క తమ్ముని మాత్రము కోరుమనగా ధర్మజుడు సవతితల్లి బిడ్డ యగు నకులుని కోరుటయు ఇచ్చట స్మరింపదగినవి. భయము కరుణలో చేరినది. ఆ చేరుకొను తావు 'అడవి'కి లేదు.

ఇట్టి చిత్రములు పండితుల చర్చకు తగవనువారు కలరు. కోఠి సుల్తానుబజారున 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము మనుచరిత్రకృతిపతి పేరనే యున్నది. అచ్చటినుండి నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా నడచినవాడు ఆర్టీసీ కూడలి చిత్రశాలలను చేరును. ప్రవరుని చదువు బాలుడును, తెఱపై నడవి చూచు బాలుడును తఱచు ఒక్కడే. విభావమన నేమో, నిర్వహణమన నేమో వానికి తెలుపగోరు నుపాధ్యాయునకు యక్షప్రశ్నల ప్రక్కన 'అడవి' నుంచి చూపుట యుపకరించును. గుణమును గుణముగను, కొఱతను కొఱతగను వాడే చెప్పగలడు.