తెలిసీ చెప్పని రచయితలు

హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు కథలతో పనేముంటుంది అనుకుంటాం గానీ, వాళ్లు తరచూ రాసే కథ ఒకటుంది. పేరు యూజర్ స్టోరీ. కొత్త పని మొదలుపెట్టే ముందు, దాన్ని వాడబోయే మనిషి నోటితో ఒకటి రెండు వాక్యాలు రాస్తారు. ‘ఖాతాదారుగా నేను కట్టాల్సిన బాకీలన్నీ ఒక్కచోట చూసుకోవాలి, అప్పుడే ఏ గడువూ దాటిపోదు’ అన్నట్టు. రాసేవాళ్లకు లోపలి డేటాబేసు తెలుసు, సర్వర్లు తెలుసు, ఏ బటన్ వెనక ఏం జరుగుతుందో తెలుసు. ఆ వాక్యంలోకి మాత్రం అవేవీ రాకూడదు. ఒక్కటి జొరబడినా అది ఖాతాదారు మాటగా మిగలదు, ఇంజనీరు మాటైపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

నవలలో దృష్టికోణం విషయంలో ఉన్న కష్టమూ ఇదే. ఎవరి కళ్లతో కథ చూపించాలో నిర్ణయించుకోవడం తేలిక. ఆ కళ్లకు కనబడని సంగతి తనకు తెలిసి ఉండీ, పుస్తకం పొడుగునా నోరు జారకుండా ఉండటమే అసలు పనితనం. తెలుగులో జనం ఎగబడి చదివిన నవలల్లో ఈ పనితనం ఎంత బాగా కుదిరిందో చెప్పాలంటే నేను ముందుగా చేతిలోకి తీసుకునేది ‘బారిస్టర్ పార్వతీశం’.

మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన ఈ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. మొగలితుర్రు కుర్రాడు పార్వతీశం బారిస్టరు చదవాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, రైలెక్కి, ఓడెక్కి సీమకు పోతాడు. కథంతా ‘నేను’ అంటూ అతనే చెబుతాడు. దొరల దేశం వెళ్తున్నాడు గనక దొరలాగే కనిపించాలని టోపీ కొంటాడు. అది దొరసానులు పెట్టుకునే టోపీ. చదివేవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసిపోతుంది. అతనికి మాత్రం తెలియదు. జనం తనవైపు చూసి నవ్వుతూ ఉంటే తన హోదా పెరిగిందనుకునేంత అమాయకంగా ఆ టోపీ కింద తిరుగుతాడు.

మనకెలా తెలిసింది? రచయిత పక్కకు వచ్చి మన చెవిలో చెప్పలేదు. పార్వతీశమే చెప్పాడు, చెబుతున్నానని తెలియకుండా. ఎవరెలా చూశారో, ఎక్కడ నవ్వారో, తానేమనుకున్నాడో నిజాయితీగా ఒక్కటీ వదలకుండా చెబుతాడు. చూసింది సరిగ్గానే చూస్తాడు, అర్థం మాత్రం తప్పుగా తీస్తాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలోనే హాస్యమంతా పుడుతుంది. ఇదే ఘట్టాన్ని అన్నీ తెలిసిన కథకుడు చెప్పి ఉంటే? పార్వతీశం తెలియక ఆడవాళ్ల టోపీ కొన్నాడు అనే ఒక్క వాక్యంతో పని అయిపోయేది. చదివి నవ్వేవాళ్లం కూడా. కానీ ఆ నవ్వు అరుగు మీద కూర్చుని దారిన పోయేవాణ్ణి చూసి నవ్వే నవ్వు అయ్యేది. ‘నేను’ అనడంతో మనం అతని చొక్కాలో దూరిపోతాం. అతను సిగ్గుపడాల్సిన చోట మనకు చెవులు వేడెక్కుతాయి.

ఇందులో మరో మెలకువ ఉంది. కథ చెబుతున్న పార్వతీశం ప్రయాణం ముగించుకుని వచ్చినవాడు, లోకం చూసినవాడు. అనుభవిస్తున్న పార్వతీశం ఇల్లు దాటని కుర్రాడు. పేరొకటే అయినా మనుషులు ఇద్దరు. పెద్దవాడు మాటిమాటికీ అడ్డం వచ్చి ‘ఎంత వెర్రివాణ్ణి!’ అని చిన్నవాణ్ణి చులకన చేసి ఉంటే నవల నీరుగారిపోయేది. మొక్కపాటి ఆ పెద్దవాణ్ణి చాలావరకు వెనక నిలబెట్టి, ఆ రోజు ఆ కుర్రాడికి ఏది గౌరవంగా తోచిందో దాన్ని అంత గౌరవంగానూ చెప్పించారు. ఆయన స్వయంగా ఎడింబరోలో చదువుకుని వచ్చినవారు. ఓడలు, హోటళ్లు, దొరల మర్యాదలు అన్నీ కంఠోపాఠం. అంత తెలిసినవారు ఏమీ తెలియనివాడి వెనక ఇంత నిబ్బరంగా దాక్కోవడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

చాలా ఏళ్ల తర్వాత వచ్చిన తక్కిన రెండు భాగాలు చదివితే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. పార్వతీశం అక్కడ చదువుకుంటాడు, తిరిగొస్తాడు, దేశం సంగతులు పట్టించుకుంటాడు. మంచి రచనే. కానీ అతనికి తెలిసింది, మనకు తెలిసింది దాదాపు సమానమైపోతాయి. మొదటి భాగంలో నవ్వు పుట్టిన ఖాళీ పూడుకుపోతుంది. అందుకే జనం నోళ్లలో ఇప్పటికీ ఆడేది మొదటి భాగమే.

ఐటీ కారిడార్‌లో చదువరులు ఎవరైనా తెలుగులో ఏం చదవమంటారని అడిగితే ఈ నవలే చెబుతాను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి, చిన్న ఊళ్ల నుంచి ఇక్కడికొచ్చి, ఇక్కడి నుంచి మొదటిసారి విమానమెక్కినవాళ్లు ఎందరో. పక్కవాణ్ణి అడగడానికి మొహమాటపడి, ముందువాడు చేసినట్టే చేసి గట్టెక్కినవాళ్లకు పార్వతీశం పరాయివాడు కాడు.

హైదరాబాదుకే చెందిన నవల ఒకటి దీనికి పూర్తిగా వేరే దారి పట్టింది. నవీన్ రాసిన ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. రచయిత ఇంటిపేరును కూడా మరిపించి, ఆయన్ని అంపశయ్య నవీన్‌గా మార్చేసింది. ఉస్మానియా క్యాంపస్‌లో హాస్టల్లో ఉండే రవి జీవితంలో ఒకే ఒక్క రోజు అందులో కథ. చైతన్య స్రవంతి పద్ధతి. గదిలో ఎవరో మాట్లాడుతుంటారు, ఆ మాటలోంచి రవికి ఇంకేదో గుర్తొస్తుంది, అందులోంచి ఊరు, ఊరిలోంచి డబ్బు దిగులు. బయటికి పోయే తలుపు లేదు. ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది, ఉండాలనే రాశారు. ఇవాళ ఆ క్యాంపస్ పక్కనున్న తార్నాకలో మెట్రో ఎక్కినవాళ్లు రైలు మారకుండా ఐటీ ఆఫీసుల దగ్గర రాయదుర్గంలో దిగుతున్నారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ బయటికి చూస్తూ ఏమీ చూడని ఆ ముఖాల లోపల ఏముందో ఊహించడం నాకు నేర్పింది ఆ పుస్తకమే.

వారపత్రికల సీరియళ్లు ఏలిన రోజుల్లో దృష్టికోణం మీద ఇంత పట్టు అరుదు. ‘ఆ సంగతి పాపం ఆమెకు తెలియదు’ అని వారం వారం ముగించడం అప్పట్లో బాగా అలవాటైన ఎత్తు. అది కూడా విద్యే. పాత్రకు తెలియనిది మనకు తెలిస్తే గుండె దడ పెరుగుతుంది. కాకపోతే అంతసేపూ మనం పాత్ర పక్కన నిలబడిన మనుషులమన్న భావం పోయి, మేడ మీంచి చూస్తున్నట్టు ఉంటుంది.

యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో మనల్ని మేడ దింపారు. రేవంత్ చదరంగం ఆటగాడు. ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది. తానెవరో చెప్పదు. తన ఆచూకీ కనుక్కోమని పందెం, దానికి చిక్కుముడుల్లాంటి ఆధారాలు. చదరంగంలో ఎదుటివాడి పావులన్నీ కళ్లముందే ఉంటాయి. ఇక్కడ ఒక్కటీ కనబడదు. ఎత్తులు ముందే చూడగలనన్న నమ్మకంతో బతికేవాణ్ణి చూపు అందని ఆటలో కూర్చోబెట్టడం యండమూరి ఎంపికలోని గొప్పతనం. పేరుకి ‘అతను’ అని సాగే కథనమే అయినా అది రేవంత్ చెవికి అంటిపెట్టుకుని ఉంటుంది. ఫోనుకు అటువైపు ఆ అమ్మాయి ఏ గదిలో ఉందో, ఫోన్ పెట్టేశాక ఆమె ముఖం ఎలా మారిందో చూపించాలన్న ఆశ ఏ రచయితకైనా కలుగుతుంది. చూపించి ఉంటే ఆమె మరో కథానాయిక అయ్యేది. చూపించలేదు గనక, ప్రతి పాఠకుడూ ఆ గొంతుకు తన మనసులో ఒక ముఖం గీసుకున్నాడు. ముగింపు ఇక్కడ చెప్పను, చదవనివాళ్లకు అన్యాయం అవుతుంది.

ఈ నిగ్రహాన్ని బాగా అర్థం చేసుకున్నవారు కన్నడ దర్శకుడు సునీల్ కుమార్ దేశాయ్. ఈ నవలను 1995లో ‘బెళదింగళ బాలె’గా తీశారు. రేవంత్‌గా అనంత్ నాగ్ నటించారు. సినిమా అంటేనే చూపించే కళ, పైగా నాయిక ముఖం చూడటానికే టికెట్ కొనే ప్రేక్షకులు. అయినా దేశాయ్ ఆ అమ్మాయి ముఖం చూపించకుండానే సినిమా నడిపించారు. ప్రేక్షకులకు మిగిలింది మంజుళా గురురాజ్ గొంతు ఒక్కటే. పేజీ మీద యండమూరి కెమెరాను ఎక్కడ పెట్టారో, దేశాయ్ నిజం కెమెరాను తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టారు.