మోకాలి వాపును ఎలర్జీ అనవచ్చునా?

కబాడీ ఆడుతూ ఒక బాలుడు పడతాడు. మోకాలు మెలిపడి లోపల టప్పుమని చప్పుడవుతుంది. రెండు మూడు గంటలలో మోకాలు గుమ్మడికాయవలె ఉబ్బుతుంది. అతనికి చిన్ననాటినుండి ఉబ్బసము ఉన్నది. వంకాయ తింటే ఒళ్ళు దురద. ఇంటివారు వీటన్నిటినీ ఒకే తాటికి ముడివేసి, "వీడి ఒంటితత్త్వమే అంత, ఇట్టే వాస్తుంది" అని తుమ్ములకు వాడే మాత్ర ఒకటి వేసి, వంకాయ, గోంగూర మాన్పించి ఊరుకుంటారు.

ఇది వట్టి మూఢనమ్మకమని కొట్టివేయుట సులభమే. అయితే ఈ ఊహకు ఆధారమువలె కనిపించే పరిశోధనలు రెండు, 2019 లో ఒకటి, 2023 లో ఒకటి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులే ప్రకటించినారు. వానిలో ఏమున్నది, ఏమి లేదు అని విడదీసి చూడవలసి ఉన్నది.

మొదటి చిక్కు మాటలలోనే ఉన్నది. దెబ్బ తగిలి నెత్తురు చేరినా వాపే, తేనెటీగ కుట్టినా వాపే. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలను క్రీ.శ. మొదటి శతాబ్దములోనే రోమను రచయిత సెల్సస్ వ్రాసి పెట్టినాడు. ఈ నాలుగూ కలిసిన స్థితిని శోథము అంటారు. శరీరము తన గాయాన్ని తాను బాగుచేసుకొనుటకు మొదలుపెట్టే పని అది. ఎలర్జీ వేరు. 1906 లో వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కే ఆ మాటను సృష్టించినాడు. నేడు దాని అర్థము మరికొంత కుదించుకొని, ఇతరులకు హాని చేయని పుప్పొడి, దుమ్ము, ఆహారము వంటివానిపై ఒక శరీరము అనవసరముగా తిరగబడుట అని స్థిరపడినది. తెలుగులో "నాకది పడదు" అనే మాట దీనికి దగ్గరగా వస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్న ప్రతిచోట పొగ ఉండదనీ, ఎర్రగా కాలిన ఇనుపగుండే దానికి సాక్ష్యమనీ తర్కశాస్త్రములో చెబుతారు. ఎలర్జీ ఉన్నచోట శోథము ఉంటుంది. శోథము ఉన్నచోటనెల్ల ఎలర్జీని వెదకుట ఆ తర్కమును తలక్రిందులు చేయుటే.

ఆ బాలుని మోకాలిలో జరిగినది చాలవరకు స్పష్టమే. తొడ ఎముకను కాలి ఎముకతో కట్టి ఉంచే సంధిబంధనము, అంటే లిగమెంటు, తెగినప్పుడు దానిలోని రక్తనాళాలు కూడ తెగుతవి. గంటలలో వచ్చే ఆ పెద్దవాపు ముఖ్యముగా నెత్తురే. తుమ్ముల మాత్ర దానిని వెనుకకు పంపలేదు.

కథ అంతటితో ముగిసిపోదు. ఇటువంటి దెబ్బ తగిలినవారిలో సగటున సగముమందికి 10 నుండి 20 సంవత్సరాలలో కీలు అరిగిపోయే జబ్బు, ఆస్టియో ఆర్త్రైటిస్, కనిపిస్తున్నదని స్వీడను దేశపు లోమండర్ బృందము 2007 లో తేల్చినది. కొందరికే ఎందుకు? ఇక్కడే 2019 నాటి పరిశోధనకు విలువ వచ్చింది. మాస్టు కణాలనేవి ఎలర్జీకి పేరుపడిన కణాలు. 1878 లో ఎర్లిక్ వానిని వర్ణించి, బాగా మేసిన కణాలని భ్రమించి ఆ పేరు పెట్టినాడు. స్టాన్‌ఫర్డ్ బృందము చుంచెలుకల మోకాలిలో నెలవంక మృదులాస్థిని పట్టి ఉంచే చిన్న లిగమెంటును కోసి చూచినది. మాస్టు కణాలు లేని చుంచెలుకలలో కీలు తక్కువగా చెడినది. ఎలర్జీలో పనిచేసే ఐజీఈ అనే ప్రతిరక్షకమే ఇక్కడ కూడ మాస్టు కణాలను రేపుతున్నదనీ, అవి విడుదల చేసే ట్రిప్టేజు అనే ఎంజైము హాని చేస్తున్నదనీ వారు చూపినారు. ఇది మెచ్చదగిన పని. కాని ఒకే కణము రెండుచోట్ల పనిచేసినంతమాత్రాన రెండు జబ్బులు ఒకటి కావు. పోలీసు కనిపించిన ప్రతిచోట దొంగతనమే జరిగినదనుకోము గదా! పైగా ఆ ప్రయోగము ఉబ్బసము ఉన్న చుంచెలుకలను, లేనివానిని పోల్చినది కాదు.

ఆ పోలికను మనుష్యులలో చూచినది 2023 నాటి అధ్యయనము. ఉబ్బసముగాని, ఎలర్జీవల్ల వచ్చే ఎగ్జిమాగాని ఉన్న 1,17,346 మందిని అవి లేనివారితో పోల్చి, మొదటివారిలో ఆస్టియో ఆర్త్రైటిస్ అవకాశము 58 శాతము ఎక్కువ అని ప్రకటించినారు. ఈ అంకెను నూటికి 58 మందికి వస్తుందని చదివేవారు ఉంటారు. అసలు లెక్క ఇది: వెయ్యిమందిని ఒక సంవత్సరము గమనిస్తే ఒకవైపు 26.9 మందికి, రెండవవైపు 19.1 మందికి జబ్బు వచ్చింది. తేడా వెయ్యికి ఎనిమిదిమంది లోపు. ఇది చిన్నదని తోసివేయదగినదీ కాదు, బెంబేలు పడదగినదీ కాదు.

ఉబ్బసము ఉన్నవారు తక్కువ నడిచి బరువెక్కుతారేమో, ఆ బరువే మోకాళ్ళను అరగదీసినదేమో అనే సందేహము సహజము. పరిశోధకులు ఈ సందేహాన్ని దాచలేదు. బరువు వివరాలు ఉన్న మరొక సమాచారముతో సరిచూడగా 58 శాతము 42 కు తగ్గినది. తగ్గినది, కాని మాయము కాలేదు. వేరొక ఊపిరితిత్తుల జబ్బు, సి.ఓ.పి.డి., ఉన్నవారితో పోల్చినా ఉబ్బసము వారిలోనే ఎక్కువ కనిపించినది. ఇంత జాగ్రత్త తీసుకొన్నా, ఇది వైద్యుల బిల్లులనుండి, రికార్డులనుండి ఏరిన సమాచారమే. రెండు విషయాలు కలిసి నడుస్తున్నవని చెప్పగలదు గాని, ఒకటి రెండవదానిని లాగుతున్నదని రుజువు చేయలేదు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ అధ్యయనము లిగమెంటు తెగినవారిని వేరుచేసి అడిగిన ప్రశ్న కాదు. చుంచెలుక ప్రయోగాన్నీ ఈ జనాభా లెక్కనూ ప్రక్కప్రక్కన పెట్టి, మధ్యనున్న ఖాళీని ఊహతో పూడ్చి, "ఎలర్జీ ఉన్నవారికి లిగమెంటు దెబ్బ తగిలితే కీలు ఎక్కువగా వాస్తుంది" అనుట తొందరపాటు.

అయినంతమాత్రాన ఆ బాలుని ఉబ్బసము సంగతి వైద్యునికి అక్కరలేనిది కాదు. అక్కరకు వచ్చేది వాపుదగ్గర కాదు, మందుదగ్గర. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఉబ్బసము ఉన్న కొందరిలో తీవ్రమైన ఆయాసము తెప్పిస్తవి. మోకాలు వాచినవానికి ఇంటిలోనివారు మొదట చేతిలో పెట్టేది తరచు ఆ మాత్రే! శస్త్రచికిత్స అవసరమైతే పెనిసిలిన్ వంటి మందులు, రబ్బరు చేతితొడుగులు, నికెలు కలిసిన ఉక్కు మరలు పడనివారున్నారు గనుక అవీ ముందుగా చెప్పాలి. చికిత్స తరువాత మోకాలు మళ్ళీ ఎర్రబడి వేడెక్కి జ్వరము వస్తే, దానిని ఎలర్జీ అనుకొని ఇంటిలో కూర్చొనరాదు. కీలులో చీము పట్టుతున్నదేమో ఆనాడే చూపించాలి. వంకాయ సంగతి కూడ వైద్యునికి చెప్పితే నష్టమేమీ లేదు. ఆయన వ్రాసుకొని తరువాతి ప్రశ్న అడుగుతాడు.