పొద నల్లంచి కోసం కూర్చోవడం

పిట్టలు చూడాలన్న సరదా కొత్తగా పుట్టినవాళ్లు మొదట అడిగేది ఏ బైనాక్యులర్ కొనమంటారని. కొనుక్కోండి, మంచిదే. అయితే మారేడుమిల్లి చుట్టుపక్కల వెదురు దట్టంగా అల్లుకున్న వాగుల వెంట పొద నల్లంచిని చూడాలంటే ముందు పని చెప్పాల్సింది చెవులకు. పక్షుల పుస్తకాల్లో షామా అని రాసేది దీన్నే. మన పెరటి గోడల మీద వాలి పాడే పెద్ద నల్లంచికి దగ్గరి చుట్టం. దానికి మనుషులతో ఉన్న చనువు మాత్రం దీనికి లేదు.

తెల్లారగట్ల, చెట్ల మొదళ్లు ఇంకా విడివిడిగా కనిపించని వేళకే పాట అందుకుంటుంది. నిండైన, లోతైన ఈల. ఒక వరసను కొంతదూరం నడిపి, ఉన్నట్టుండి వదిలేసి, మరో ఎత్తుకు వెళ్లిపోతుంది. నడుమ ఇతర పిట్టల కూతలను అచ్చుగుద్దినట్టు చొప్పిస్తుంది. అందుకే ఏదో కూత వినబడగానే ఫలానా పిట్ట అని నోట్‌బుక్కులో రాసేయకూడదు, ఇంకాసేపు వినాలి. సాయంత్రం వెలుగు సన్నగిల్లే వేళకు మళ్లీ పాడుతుంది. మన అడుగుల చప్పుడు తగిలిందా, పాట ఆగిపోయి పొదలోంచి పొడిగా ‘చక్, చక్’ మంటుంది. అది వినగానే ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోవాలి. ఇంకొక్క అడుగు వేస్తే ఆ పూటకు దాన్ని పోగొట్టుకున్నట్టే.

ఓపిక పట్టినవాళ్లకు కనిపించేది చాలా అందమైన పిట్ట. మగదానికి తల, వీపు, రొమ్ము నిగనిగలాడే నలుపు, పొట్ట ముదురు ఇటిక రంగు, నడుము మీద తెల్లటి పట్టీ. ఒంటితో పోటీపడే పొడుగాటి తోక. ముక్కు నుంచి తోక కొస దాకా కొలిస్తే 25 సెంటీమీటర్ల దాకా ఉన్నా, బరువు 30 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. పొద చీకట్లోంచి ఎగిరిపోయేటప్పుడు చాలాసార్లు మనకు అందేది ఆ నడుము తెలుపే. ఆడపిట్ట బూడిద కలిసిన గోధుమ వన్నెలో, పొట్టి తోకతో ఉంటుంది. చెట్టు తొర్రలో గూడు కట్టడం, గుడ్లు పొదగడం ఆమె ఒక్కతే చేస్తుంది. పిల్లలకు మేత పెట్టే పనిలో మాత్రం మగపిట్టకూ వంతు ఉంటుంది.

దీని బతుకంతా అడవి కింది అంతస్తులోనే. కింది కొమ్మ మీద కూర్చుని, రాలిన ఆకుల మధ్య పురుగు కదిలితే దిగి అందుకుంటుంది. పెద్ద చెట్లు ఉంచేసి కింద పొదలన్నీ నరికితే దూరం నుంచి అడవి ఉన్నట్టే కనిపిస్తుంది. దీనికి మాత్రం ఇల్లు పోయినట్టే. ‘శుభ్రం చేశాం’ అని చెప్పుకునే అడవిని చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది.

ఇంత చక్కటి గొంతే దీనికి చేటు తెచ్చింది. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే 8 ఏళ్ల పిల్లవాడు తన పెంపుడు షామా పాటను ఎడిసన్ మైనపు సిలిండర్ మీదకు ఎక్కించాడు. మనకు తెలిసిన మొట్టమొదటి పక్షిపాట రికార్డింగు అదేనంటారు. ఆ సంగతి నన్ను కదిలిస్తుంది. అయినా ఆ పాట వచ్చింది పంజరంలోంచి అన్నది మరచిపోలేను. ఇండొనేసియాలో పాటల పోటీల కోసం వీటిని నేటికీ పెంచుతారు, అడవుల్లోంచి పట్టి అమ్ముతారు. ఆ వేట మితిమీరడంతోనే అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలోని రెండో అనుబంధంలో 2022లో దీన్ని చేర్చారు. మన దేశంలో అడవి పిట్టలను పట్టడం, అమ్మడం నేరం.

పంజరం లేకుండా చేసే పొరపాటూ ఒకటుంది. ఫోనులో రికార్డయిన పాట పెట్టి పిట్టను బయటికి రప్పించడం. తన హద్దులోకి ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని అది మేత మాని, దాపు విడిచి, కొమ్మకొమ్మా వెతుకుతుంది. మనకు ఫొటో దొరుకుతుంది. అది మాత్రం లేని శత్రువు కోసం తిరుగుతూనే ఉంటుంది. మారేడుమిల్లి వెళ్లేవాళ్లను నేను కోరేది ఒక్కటే: ఫోను సంచిలో పెట్టండి, తెల్లారకముందే వాగు ఒడ్డుకు చేరి కూర్చోండి. వేసవిలో, తొలకరిలో గూళ్ల కాలం కాబట్టి అప్పుడు ఇంకా దూరంగా కూర్చోండి.